చీమలు గాలికి చోటిచ్చిన కథ

ఒకప్పుడు లోకంలో దేనికీ బరువు లేదు, సొంత చోటూ లేదు. కొండ కూర్చున్న చోటే ఏనుగూ కూర్చునేది. ఏనుగు కూర్చున్న చోటే చింతచెట్టూ మొలిచేది. ఎవరి కాలు ఎవరిదో తెలిసేది కాదు. పిల్లి తుమ్మితే చాలు, ఏనుగు ఎగిరిపోయేది!

ఈ గోల భరించలేక నేలతల్లి అందరినీ పిలిచింది. "వరసలో రండర్రా, బరువూ చోటూ పంచుతాను. ఇకమీదట ఒకరి చోట్లోకి ఇంకొకరు దూరకూడదు" అంది.

కొండ గంపలకొద్దీ పట్టుకెళ్లింది. వాగు కడవలకొద్దీ పట్టుకెళ్లింది. ఏనుగు సంగతి చెప్పాలా, సిగ్గులేకుండా రెండోసారి కూడా వచ్చింది. చీమలు మాత్రం తలా చిటికెడు తీసుకుని దండం పెట్టి వెళ్లాయి.

గాలి ఆలస్యంగా వచ్చింది. ఎండకి పిచ్చుకపిల్లలు ఏడుస్తుంటే విసురుతూ ఉండిపోయింది పాపం. అప్పటికి నేలతల్లి చేతులు ఖాళీ.

"అయ్యో నాయనా, నీకేం మిగల్లేదే" అని నేలతల్లి నొచ్చుకుంది.

ఇక గాలి అంటే అందరికీ లోకువే. రాయి వచ్చి "జరుగు" అంటే గాలి మాయం. వాగు వచ్చి "లే" అంటే గాలి మాయం.

ఒకరోజు పెద్ద వాన కురిసి వాగు పొంగింది. చీమలు గుడ్లు నోట కరుచుకుని పరుగెత్తాయి. తాటిచెట్టు వేళ్ల మధ్య ఒక కొబ్బరిచిప్ప బోర్లాపడి ఇరుక్కుని ఉంది. గబగబా అందులో దూరాయి. లోపల గాలి ఒక్కటే ఉంది.

నీళ్లు చిప్పని ముంచేశాయి. "ఒరే గాలీ, జరుగు! నేనొస్తున్నా" అని వాగు కిందనుంచి అరిచింది.

"జరగకు గాలన్నా! మా పిల్లలు మునిగిపోతారు" అని చీమల పెద్దమ్మ ఏడ్చింది.

"ఏం చెయ్యనమ్మా? నాకు చోటే లేదు. నిలదొక్కుకుందామంటే బరువూ లేదు" అంటూ గాలి కూడా ఏడ్చింది.

పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. "మనకున్న చిటికెడులోంచే తలా కాస్త ఇద్దాం" అంది.

"మరి మనకేం మిగులుతుంది పెద్దమ్మా?" అంది ఒక చీమ.

"పిల్లలు మిగులుతారే" అంది పెద్దమ్మ.

చీమలన్నీ ఇచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక గాలి మొదటిసారి కాళ్లూని నిలబడింది. "ఇది నా చోటు. నువ్వు రాకూడదు" అంది. వాగు తోసింది. గాలి కాస్త నలిగింది, కాస్త ఒదిగింది, కానీ చోటు వదల్లేదు. తోసి తోసి వాగే అలిసిపోయి దిగిపోయింది.

ఎండ రాగానే చీమలు గుడ్లతో బయటికొచ్చాయి. ఒక్క గుడ్డూ తడవలేదు.

"నీ మేలు మరిచిపోం గాలన్నా" అంది పెద్దమ్మ.

"మేలు నాదా తల్లీ? ఏమీ లేనివాణ్ణి, నన్ను నిలబెట్టింది మీరు. మీరెక్కణ్ణుంచి పడినా నేను పట్టుకుంటాను" అంది గాలి.

అప్పటినుంచే గాలికి కొంచెం బరువు, సొంత చోటు ఉన్నాయి. కావాలంటే ఖాళీ గ్లాసు బోర్లించి, నిటారుగా బకెట్టు నీళ్లలో ముంచి చూడండి, నీళ్లు పైదాకా ఎక్కవు. అప్పటినుంచే చీమలూ అంత తేలిక. తాటిచెట్టు మొవ్వులోంచి జారిపడినా చీమకి దెబ్బ తగలదు. గాలి దాన్ని మెల్లగా కిందికి దించుతుంది.