గడియ పెట్టిన వీధి

రోళ్ళవీధిలో ఉన్నవి నాలుగైదు ఇళ్ళే గానీ, ఊళ్ళో తెలివంతా అక్కడే పోగుపడి ఉందని ఆ వీధివాళ్ళ గట్టి నమ్మకం. పక్కవీధివాళ్ళకి ఒక మాట చెబితే దాన్ని అటూ ఇటూ తిప్పి ఆలోచించి, సగం చేసి సగం వదిలేస్తారు. రోళ్ళవీధివాళ్ళు అలా కాదు. చెప్పింది చెప్పినట్టే చేస్తారు. "అర్థం కానివాళ్ళే ఆలోచిస్తారర్రా, మనకెందుకది" అనేవాడు నూకరాజు మేస్త్రి. ఊళ్ళో సగం ఇళ్ళకి తలుపులు బిగించిన మనిషి కనక ఆయన మాటంటే వీధిలో గురి.

కరోనా వచ్చిన ఎండాకాలంలో ఆశా కార్యకర్త రత్నకుమారి ఆటోకి మైకు కట్టుకుని వీధివీధీ తిరిగింది. రోళ్ళవీధి మొదట్లో ఆగి చెప్పింది. బయటివాళ్ళని ఇంట్లోకి రానివ్వద్దు. లోపలివాళ్ళు బయటికి రావద్దు. బయటినుంచి ఏం తెచ్చినా సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టండి. మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం ఉండాలి. ఇంతే చెప్పి వెళ్ళిపోయింది.

ఇంకేముంది! ఎదురింటి పాపాయమ్మ ఆ పూటే కొట్టునుంచి వచ్చిన ఉప్పుని సబ్బునీళ్ళలో వేసి రుద్ది కడిగింది. కడిగి చూస్తే ఉప్పు లేదు.

"ఏమయిందే?" అన్నాడు ఆమె మొగుడు అప్పన్న.

"చూశావా! ఉప్పునిండా జబ్బే ఉందన్నమాట. సబ్బు తగలగానే మొత్తం పోయింది" అంది పాపాయమ్మ. అప్పన్న చేతులెత్తి దణ్ణం పెట్టాడు. మర్నాడు ఆవిడ పాలు కడిగింది. గిన్నెమీద మూరెడు నురగ లేచింది. ఇన్నాళ్ళకి మంచి పాలవాడు దొరికాడని వీధంతా సంతోషించింది.

నూకరాజు ఇంట్లో మాత్రం ఇంకో సంగతి ఉంది. ఆయన కూతురు పట్నంలో ఆసుపత్రి నర్సు. రోగుల మధ్య తిరిగే పనని, నడక నేర్చుకుంటున్న తన పిల్ల మల్లిని అమ్మానాన్నల దగ్గర వదిలి వెళ్ళింది. మల్లి పగలంతా ఎవరి దగ్గరైనా ఆడుతుంది. నిద్రకి మాత్రం తాత ఛాతీ కావాలి. ఆ గుబురు మీసం పిడికిట్లో పట్టుకుంటే గానీ కన్ను మూయదు. అమ్మమ్మ వరాలమ్మ జోకొట్టినా, పాడినా లాభం లేదు. పిల్ల గడప దాటకుండా నూకరాజే గుమ్మానికి అడ్డంగా ఒక చెక్క కూడా బిగించాడు.

ఒకరోజు అన్నాలవేళకి గాలి లేచి, తీగమీద ఆరేసిన మల్లి గౌను ఎగిరి వీధిలో పడింది. నూకరాజు చెక్క దాటి, పరుగెత్తి గౌను పట్టుకుని తిరిగొచ్చాడు. వరాలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎక్కణ్ణుంచి వస్తున్నారు?"

"బయటినుంచి."

"బయటినుంచి వచ్చేవాళ్ళని రానివ్వద్దన్నారు కదండీ?"

నూకరాజు ఆగిపోయాడు. పెళ్ళాన్ని చూసి గర్వంతో ఒళ్ళు పొంగింది. "ఎంత మాటన్నావే వరాలూ! నేనే మర్చిపోయాను. మరిప్పుడెలా?"

"బయటినుంచి ఏదొచ్చినా కడగమన్నారుగా" అంది వరాలమ్మ. గుమ్మంలోంచే బకెట్టు సబ్బునీళ్ళు గుమ్మరించి, చీపురు అందినంతమేరా రుద్దింది. తరవాత అరుగుమీద ఎండలో కూచోమంది. నూకరాజు అటు తిరిగీ ఇటు తిరిగీ శుభ్రంగా ఆరాడు. ఆరి, లేచి, గుమ్మం దగ్గరకొచ్చాడు.

"ఎక్కడ ఆరారు?" అంది వరాలమ్మ.

"అరుగుమీద."

"అరుగు లోపలా, బయటా?"

అంతే. నూకరాజు మళ్ళీ అరుగెక్కి కూచున్నాడు. లోపల మల్లికి నిద్దరొచ్చింది. తాత కోసం ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపు వింటుంటే ఆయనకి అరుగుమీద నిప్పులు పోసినట్టుంది.

"ముందు మీరింత తినండి" అని వరాలమ్మ అన్నం పళ్ళెం తెచ్చింది. ఆరడుగుల దూరంలో పెట్టాలి. గుమ్మంలోంచి చెయ్యి అందలేదు. చెక్క దాటి ఒక్క అడుగు ముందుకేసింది. పళ్ళెం పెట్టింది. వెనక్కి తిరిగింది. ఆగిపోయింది.

"ఏమండీ, నేనెక్కడున్నాను?"

"నా పక్కనే ఉన్నావు" అన్నాడు నూకరాజు నీరసంగా.

ఇంట్లో పిల్ల ఒక్కతే ఉంది. వరాలమ్మ అరుగుమీది కిటికీ దగ్గర నిలబడి పిల్లమీంచి కన్ను తీయకుండా ఎదురింటికి కేకేసింది. "పాపాయమ్మ వదినా! కాస్త మా ఇంట్లోకెళ్ళి పిల్లని ఎత్తుకో!"

పాపాయమ్మ పరుగున వచ్చింది. గుమ్మం దాకా రాగానే వరాలమ్మే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు వదినా! నువ్వు మా ఇంటికి బయటిదానివి కదా?"

"అవును సుమా! పోనీ, మా ఇంటికి పోతాను" అని పాపాయమ్మ వెనక్కి తిరిగింది. అక్కడ అప్పన్న రెండు చేతులూ తలుపుకి అడ్డంగా చాచి ఉన్నాడు. "ఎక్కణ్ణుంచి?" అన్నాడు. ఆవిడకి విడమరిచి చెబుదామని తనూ ఒక మెట్టు దిగాడు. ఇంకేముంది, అప్పన్న బయట. ఈ గొడవేమిటని చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ బయట. కాసేపటికి రోళ్ళవీధిలో ఇళ్ళన్నీ ఖాళీ, వీధినిండా జనం. మనిషికీ మనిషికీ ఆరడుగులు కుదరడం లేదు.

అప్పుడు గవర్రాజుని అడిగారు. తాలూకా ఆఫీసులో బంట్రోతుగా చేసి రిటైరయిన మనిషి. వీధిలో అందరికంటే పెద్ద బుర్ర. ఆయన చాలాసేపు ఆకాశంలోకి చూశాడు.

"లోపలంటే ఏదిరా నూకరాజూ?"

"తలుపుకి అవతలున్నదండి."

"బయటంటే?"

"ఇవతలున్నదండి."

"మరి మనం లోపలికి పోకూడదు గానీ, తలుపుని బయటికి తేవద్దని ఎవరైనా చెప్పారా? నీ తలుపు ఊడదీసి వీధి మొదట్లో బిగించు. వీధంతా లోపలే అవుతుంది."

జనం చప్పట్లు కొట్టారు. నూకరాజుకి ప్రాణం లేచొచ్చింది. అరుగుమీదున్న పనిసంచీ తీసి, మల్లి ఏడుపు వింటూనే గుమ్మాన్ని చట్రంతో సహా పెకలించాడు. అందరూ పట్టి వీధి మొదటికి మోసుకుపోయారు. వీధి వెడల్పులో ఆ గుమ్మం పావువంతు కూడా లేదు. రెండు పక్కలా ఎడ్లబండి పోయేంత ఖాళీ. అయినా నూకరాజు పనంటే పని. ఇటుకలు పేర్చి, మేకులు దిగ్గొట్టి, అటువైపు నిలబడి బిగువు చూసుకుంటూ చక్కగా నిలబెట్టాడు.

"గడియ పడుతోందేమో చూడు బావా!" అన్నాడు.

అప్పన్న లోపలినుంచి గడియ పెట్టాడు. "భలే పడింది బావా!"

అందరూ సంబరపడ్డారు. వరాలమ్మ పరుగున వెళ్ళి మల్లిని చంకనేసుకుని వచ్చింది. అప్పుడు తలుపు చప్పుడయింది.

"ఎవరు?" అన్నాడు అప్పన్న.

"నేనే, నూకరాజుని."

"ఎక్కణ్ణుంచి?"

 అటుపక్కనుంచి చాలా చిన్న గొంతుతో జవాబొచ్చింది. "బయటినుంచి."

"అయ్యయ్యో, ఇంత దగ్గరికొచ్చి!" అంది వరాలమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

అదే వేళకి రత్నకుమారి అటుగా వచ్చింది. తలుపుకి ఇటు వీధివీధంతా, అటు నూకరాజు ఒక్కడూ. సంగతి విని తల పట్టుకుంది.

"బాబాయ్, ఇంట్లోవాళ్ళు ఇంట్లోకి రావచ్చు. ఆ పక్కనుంచి తిరిగి వెళ్ళిపో, పిల్ల ఏడుస్తోంది."

నూకరాజుకి పౌరుషం వచ్చింది. "తలుపుండగా పక్కనుంచి దూరడానికి నేనేమన్నా దొంగనా అమ్మా? నా చేత్తో బిగించిన తలుపు!"

రత్నకుమారి జనం వైపు తిరిగింది. మీరంతా ఎవరిళ్ళకి వాళ్ళు పొండి అని దండం పెట్టి వెళ్ళిపోయింది.

తాత గొంతు విని మల్లి చంకలోంచి జారింది. తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళింది. తలుపు వైపు కూడా చూడలేదు. పక్కనున్న ఖాళీలోంచి అవతలికి పోయి, తలుపుకి జారగిలబడ్డ తాత ఒళ్ళోకెక్కింది. మీసం పిడికిట్లో పట్టుకుంది. ఏడుపు ఆగిపోయింది. రెప్పలు వాలాయి. నూకరాజు ఊపిరి కూడా మెల్లగా పీల్చాడు.

"అయ్యో, పిల్ల బయటికి పోయింది!" అని వరాలమ్మ గొల్లుమంది. అంతే. వీధంతా పక్క ఖాళీలోంచి అవతలికి ఉరికింది.

"పక్కనుంచి పోవచ్చునా?" అని అడిగాడు అప్పన్న పరుగెడుతూనే.

"బయటికి ఎటునుంచైనా పోవచ్చురా. లోపలికి మాత్రం తలుపులోంచే" అన్నాడు గవర్రాజు. ఆయనా వచ్చేశాడు.

పిల్ల క్షేమంగా ఉంది. అందరూ కుదుటపడి, ఇక లోపలికి పోదామని తలుపు తట్టారు. ఎవరూ తియ్యలేదు. మళ్ళీ తట్టారు. పేరుపేరునా పిలిచారు. ఊహూఁ.

"లోపలివాళ్ళు ఎంత కట్టుదిట్టంగా ఉన్నారో చూశారా!" అన్నాడు అప్పన్న మెచ్చుకోలుగా. "ఎంత కొట్టినా తియ్యడం లేదు."

"మన వీధంటే అదే మరి" అంది పాపాయమ్మ. ఈసారి అందరూ కలిసి రెండు చేతులా బాదడం మొదలుపెట్టారు.

"మెల్లగా కొట్టండర్రా" అన్నాడు నూకరాజు గుసగుసగా, "పిల్ల లేస్తుంది."