మూత తీసిన మల్లెపాకం

ఒకానొక రాజ్యం ఉండేది, కలువపూడి అని. నేల మంచిది, నీళ్ళు మంచివి, మనుషులు మంచివాళ్ళు. వచ్చిన చిక్కల్లా రాజుతోనే. ఆయన పేరు ఉద్దండరాయుడు. తనకంటే తెలిసినవాడు భూమ్మీద పుట్టలేదని ఆయన నమ్మకం. నమ్మితే నమ్మాడు, ఎవరి నమ్మకం వారిది. కానీ ఆయన ఊరంతా కూడా అదే నమ్మాలనేవాడు. అలాంటివాళ్ళ పేరు చెబితేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ కథ చెబుతున్నంతసేపూ మండుతూనే ఉంటుంది, ముందే చెప్పేస్తున్నాను.

ఆ ఊరి చివర పేరిందేవి అనే ఆమెకు ఒక మల్లెతోట ఉండేది. భర్త పోయాక ఆమెకు నా అన్నది ఆ తోట ఒక్కటే. తానే గోతులు తవ్వి, తానే అంట్లు నాటి, ఏటి నుంచి కడవలతో నీళ్ళు మోసి పెంచింది. ఆ పూలతో ఆమె మల్లెపాకం చేసేది. అది తాగనివాళ్ళకు దాని సంగతి చెప్పి ప్రయోజనం లేదు.

చేసే పద్ధతి మాత్రం చెబుతాను. పటికబెల్లం కరిగించి లేతపాకం పట్టేది. కుండను పొయ్యి మీంచి దించి పూర్తిగా చల్లారనిచ్చేది. వేడి మీద పూలు వేస్తే ఉడికిపోయి ఆకుకూర వాసన కొడతాయి. పొద్దుగూకే వేళ, ఇంకా విచ్చని మొగ్గలు కోసి ఆ చల్లారిన పాకంలో వేసేది. కుండ మూతికి గుడ్డ కట్టి, పైన మూత బిగించి వదిలేసేది. మొగ్గలు ఆ చీకట్లో, పాకంలోనే విచ్చుకోవాలి. అప్పుడు వచ్చే పరిమళానికి బయటికి పోయే దారి ఉండదు కాబట్టి పాకంలోనే కలిసిపోతుంది. తెల్లారి వడకడితే అయిపోయినట్టే. చల్లటి నీళ్ళలో కాస్త కలుపుకుంటే పానకం. పాయసం మీద పోసుకుంటే గిన్నె అడుగు కనబడేదాకా ఎవరూ తల ఎత్తరు.

ఏటా వసంతోత్సవం నాడు కోటకు వచ్చే అతిథులకు ఆ పానకమే ఇచ్చేవారు. క్రితం ఏడు పొరుగు రాజు అది తాగి, ఇంత కమ్మగా చేసిన చెయ్యి ఎవరిదని అడిగాడు. పేరిందేవి చేసిన పాపమల్లా అదే. తనకు రావలసిన పొగడ్త ఎవరో పూలమ్మే మనిషికి పోయిందని ఉద్దండరాయుడు ఏడాది పొడుగునా లోలోపల ఉడికిపోయాడు.

ఈ ఏడు ఆమెను కోటకు రప్పించి, పాకం తన కళ్ళ ముందే చేయమన్నాడు. సభలోని పెద్దలందరూ చుట్టూ నిలబడి చూశారు. ఆమె ఎప్పటిలాగే చేసింది. మూత బిగించి, చేతులు జోడించి, తెల్లారేదాకా ఎవరూ మూత తీయవద్దని చెప్పింది.

"నాకు వద్దని చెప్పేంతదానివా?" అన్నాడు రాజు. "కోట నాది, కుండ నాది, మూత నాది."

ఆమెను అప్పటికప్పుడు ఇంటికి పంపేశాడు. కుండను తన పడకగదిలో పెట్టించుకున్నాడు.

మర్నాడు వసంతోత్సవం, పొద్దున్నే సభ నిండింది. పొరుగు రాజు వచ్చాడు. ఆయన వయసు మళ్ళిన మనిషి, మాట్లాడేది తక్కువ, మాట్లాడితే చురుక్కుమనేది. వెండి గిన్నెల్లో పానకం పోసి అందరికీ ఇచ్చారు. ఆయన ఒక గుక్క తాగి, గిన్నెలోకి తొంగి చూసి, పటికబెల్లం నీళ్ళు చల్లగా బాగున్నాయన్నాడు.

ఉద్దండరాయుడు తన గిన్నె ఎత్తి తాగాడు. తీపి తప్ప ఇంకేమీ లేదు. మల్లె జాడ కూడా లేదు. ఆయన ముఖం కందగడ్డలా అయింది. పేరిందేవిని పట్టుకు రమ్మని కేక పెట్టాడు.

ఆమె వచ్చి నిలబడగానే, నా పరువు తీయడానికి పరిమళం కాజేశావని మీద పడ్డాడు. ఏదో మంత్రం వేసి కుండలోంచి లాగేసి ఇంట్లో దాచుకున్నావన్నాడు. నిండు సభలో ఆమెను దొంగ అన్నాడు. మూత ఎవరు తీశారు దొరా అని ఆమె ఒక్క మాట అడిగింది. నన్నే ఎదురు ప్రశ్నిస్తావా అని ఆయన ఇంకా రెచ్చిపోయాడు. ఆమె మల్లెతోటను వేళ్ళతో సహా పెకలించి రమ్మని భటులకు చెప్పాడు. పారలు, గునపాలు తీసుకుని వాళ్ళు అప్పుడే బయలుదేరారు.

ఆమె ఏడ్చిందని చెబితే కథకు బాగుండేదేమో. ఏడవలేదు. ఆ తోట తవ్విన గోతిలోనే నన్నూ పూడ్చి రండి అని మాత్రం అంది.

మరి సభలో పెద్దలు ఏం చేశారంటారా? మంత్రి నేల వైపు చూశాడు. సేనాపతి కప్పు వైపు చూశాడు. రాజగురువు కళ్ళు మూసుకుని జపం మొదలుపెట్టాడు. మూత తీయవద్దని ఆమె చెప్పింది విన్నవాళ్ళే వీళ్ళంతా. రాజుగారి ఉప్పు తింటున్నాం కదా అని నోళ్ళు కుట్టేసుకున్నారు. ఆ ఉప్పు కొనిపెట్టింది ఎవరు? పేరిందేవిలాంటివాళ్ళు కట్టిన పన్నులు కాదూ? రాజు మీద ఎంత కోపం ఉందో నాకు వీళ్ళ మీద అంతకు రెండింతలు ఉంది.

ఆ సభలో తిప్పన అనే చమత్కారి ఒకడుండేవాడు. రాజును నవ్వించడం అతని కొలువు. ఆ పొద్దు అతనికి నవ్వు రాలేదు, పళ్ళు పటపటలాడాయి. ఉన్నమాట మొహం మీదే అనేస్తే తన తల పోతుంది, తోటా మిగలదు. అందుకని వచ్చిన కోపాన్ని దిగమింగి, ముందుకు వచ్చి వంగి దండం పెట్టాడు.

"ప్రభూ, ఈ శిక్ష చాలదు," అన్నాడు.

పేరిందేవి అతని వైపు తిరిగి, నీ నోట్లో మన్ను పడ అని తిట్టింది. తిప్పన ఆ తిట్టుకు నొచ్చుకోలేదు. ఆమె స్థానంలో తానున్నా అదే తిట్టేవాడు.

అతను రాజుకు నెమ్మదిగా నచ్చజెప్పాడు. ఇవాళ తోట తవ్విస్తే, రాజుగారు మొగుడు లేని ఆడమనిషి మీద అక్కసు తీర్చుకున్నారని రేపు ఊరు అంటుంది. వచ్చిన అతిథి కూడా తన దేశం వెళ్ళి అదే చెబుతాడు. అలా కాకుండా ముందు ఒక శాసనం చేసి, విచారణ జరిపి, ఆ తర్వాత తవ్విస్తే అది న్యాయమవుతుంది, ప్రభువుల పేరు నాలుగు దేశాలకు పాకుతుంది. పేరు పాకుతుందనగానే రాజు నిటారుగా కూర్చున్నాడు.

"శాసనం ఏమని చెయ్యాలి?" అని అడిగాడు.

"కుండలో పరిమళం ఎవరు తీసుకున్నారో వారి తోట వేళ్ళతో సహా పెకలించాలి. వారు ఎవరైనా సరే. ఆ మాట అతిథి ఎదుట తమరి నోటి నుంచే రావాలి."

ఎవరైనా సరే అన్న మాట ఉద్దండరాయుడికి మహా నచ్చింది. లేచి నిలబడి, కత్తి పిడి మీద చెయ్యి వేసి, సభ అదిరిపోయేలా ఆ శాసనం చదివాడు. పొరుగు రాజు తాను విన్నానన్నాడు. విచారణ పూర్తయ్యేదాకా తవ్వకం ఆపించడమే మర్యాద అని తిప్పన గుర్తుచేశాడు. రాజు ఒక రౌతును తోటకు పరుగెత్తించాడు.

ఇక సాక్షి కావాలన్నాడు తిప్పన. ఆ రాత్రి కుండ దగ్గర ఎవరున్నారో వాళ్ళే చెప్పాలన్నాడు.

"నేనే ఉన్నాను," అన్నాడు రాజు. "నన్ను మించిన సాక్షి నీకెక్కడ దొరుకుతాడు?"

"అది నా భాగ్యం. పేరిందేవి వెళ్ళాక గదిలోకి ఇంకెవరైనా వచ్చారా?"

"ఈగ కూడా రాలేదు. గడియ నా చేత్తో వేశాను."

"అప్పటికి కుండలో పరిమళం ఉందా ప్రభూ?"

"ఎందుకు లేదు? నేనే మూత తీసి చూశాను. గుప్పుమంది."

"ఆ తర్వాత?"

"నేనేమన్నా ఏమరుపాటు మనిషినా? కాసేపాగి మళ్ళీ తీసి చూశాను. ఉంది, కాకపోతే ఒకింత తగ్గినట్టనిపించింది. అప్పుడే నాకు అనుమానం తగిలింది. ఇక నిద్ర మానుకుని మాటిమాటికీ మూత తీసి చూస్తూనే ఉన్నాను."

"చూసినప్పుడల్లా?"

"తగ్గుతూనే వచ్చింది. చివరికి కుండలో తల దూర్చి పీల్చినా ఏమీ లేదు."

"గదిలోనో ప్రభూ?"

"గదిలోనా? గది కమ్మగానే ఉంది. పరుపూ తలగడా అన్నీ మల్లెవాసనే. ఈ ఉత్తరీయమూ అంతే. బాగుంది కదా అని ఇవాళ కూడా ఇదే వేసుకొచ్చాను."

ఆ మాట పూర్తయ్యాక ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. పక్క ఆసనంలోని పొరుగు రాజు మెల్లగా వంగి, ఆ ఉత్తరీయం కొస పట్టుకుని వాసన చూశాడు. నిరుడు నేను తాగింది ఇదే అన్నాడు.

తిప్పన ఇంక ఆగలేదు.

"ప్రభూ, సొత్తు దొరికింది. తమరి శాసనం ఇంకా చల్లారలేదు. కోట వెనక ఉద్యానవనం ఎవరిదో అందరికీ తెలుసు. భటులను అటు పంపమంటారా?"

"నన్ను దొంగంటావా?" అని రాజు కత్తి మీద చెయ్యి వేశాడు.

తిప్పన ఒక అడుగు ముందుకే వేశాడు. "నేననలేదు. దొంగ అన్న మాట తెచ్చింది తమరు. శాసనం చేసింది తమరు. సాక్ష్యం చెప్పింది తమరు. మూత తీస్తే వాసన పోతుందని ఈ సభలో ప్రతివాడికీ తెలుసు. తమరితో ఆ మాట చెప్పింది మాత్రం ఒక్క మనిషి. ఆ మనిషి తోటనే తవ్వమన్నారు."

కత్తి దూస్తే అతిథి చూస్తున్నాడు. మాట వెనక్కి తీసుకుంటే ఇంక దానికి విలువుండదు. ఉద్దండరాయుడు అటు చూసి, ఇటు చూసి, చివరికి తన భుజం మీది ఉత్తరీయాన్నే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అప్పుడు నవ్వొచ్చిందాయనకు. ముందు చిన్నగా వచ్చింది, తర్వాత పొట్ట పట్టుకునేంత వచ్చింది. రాజు నవ్వాడు కదా అని మంత్రి నవ్వాడు, సేనాపతి నవ్వాడు, రాజగురువు జపం ఆపి మరీ నవ్వాడు. రాజు తన మెడలోని ముత్యాల హారం తీసి తిప్పన మెడలో వేసి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

హారం తిప్పన ఉంచుకున్నాడు, తిరిగిచ్చేంత పిచ్చివాడు కాడు. కానీ అతను నవ్వలేదు. రౌతు వెళ్ళేలోపే మొదటి వరుస మొక్కలు పెకలించేశారని అప్పటికే కబురొచ్చింది.

"ఉద్యానవనం తమరే ఉంచుకోండి," అన్నాడు. "ఆ వరుస మాత్రం ఎండ ముదరకముందే తిరిగి నాటాలి. తమరి చేతులతో నాటాలి. నాకు కావలసింది అదే."

పట్టుబట్టలు మోకాళ్ళ దాకా ఎగగట్టి ఉద్దండరాయుడు మల్లెతోటలో దిగాడు. సభ అంతా గట్టు మీద నిలబడింది. పేరిందేవి నడుమున చేతులు పెట్టుకుని ఆయన పక్కనే నిలబడింది. ఆమెకు కోపం తగ్గలేదు, తగ్గవలసిన అవసరమూ లేదు.

రాజు ఒక మొక్కను గోతిలో పెట్టి, చుట్టూ మన్ను తోసి, అలవాటు ప్రకారం పొగడ్త కోసం గట్టు వైపు చూశాడు. మంత్రి అప్పుడే ఏదో అనబోతున్నాడు. ఈలోగా పేరిందేవి వంగి ఆ మొక్కను రెండు వేళ్ళతో పట్టి లాగింది. అది చేతిలోకి వచ్చేసింది.

"ఇదేం నాటడం? వేరు చుట్టూ మన్ను గట్టిగా అదమాలి. మళ్ళీ పెట్టండి," అంది.

పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఉద్దండరాయుడితో మళ్ళీ చెయ్యమన్నవాళ్ళు లేరు. ఆయన బురద చేతులు చూసుకున్నాడు, ఆమె చేతిలోని మొక్కను చూశాడు, పకపకా నవ్వాడు. సభలో నవ్విన నవ్వు కాదిది. ఈసారి ఎవరూ తోడు నవ్వలేదు, నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

"నవ్వింది చాలు దొరా, వేరు ఎండిపోతోంది. నీళ్ళు తెండి," అంది పేరిందేవి.

రాజు కడవ ఎత్తుకుని ఏటికి వెళ్ళాడు. ఆ వరుస తడిసేదాకా వెళ్తూనే ఉన్నాడు.