తొలివానకు భయపడ్డ అలుగు

గుండ్లకోన అడవిలో మట్టి తక్కువ, రాయి ఎక్కువ. ఆ అడవిలో ముంగిసలు, ఉడుములు, కుందేళ్ళు, ఏదుపందులు, ఒంటినిండా పొలుసులుండే అలుగులు కాపురముండేవి. బొరియలు అందరికీ కావాలి. ఆ రాతినేలను తవ్వడం మాత్రం అందరి వల్లా అయ్యే పని కాదు. అందుకే అక్కడ తవ్వడం ఒక వృత్తి అయింది. బొరియ కావలసినవాళ్ళు తవ్వేవాళ్ళను పిలిచి, కూలిగా కడుపునిండా తిండి పెట్టేవారు.

ఆ పనిలో పెద్ద మేస్త్రి బయ్యన్న అనే ఏదుపంది. అతని ముఠాలో గురవి అనే అలుగు పనిచేసేది. ఆమె గోళ్ళను చూస్తే రాయి కూడా పక్కకు జరుగుతుందని అడవిలో చెప్పుకునేవారు. దారి తవ్వడం, మట్టి ఎత్తిపోయడం, వాలు చూడడం అన్నీ గురవికి కొట్టిన పిండి. లోపలి గది మాత్రం మేస్త్రి స్వయంగా తవ్వేవాడు. గురవి పక్కన నిలబడి ఎన్నోసార్లు చూసింది కానీ చేయి పెట్టలేదు.

"ఇంకా ఎన్నాళ్ళు నా వెనక తిరుగుతావు గురవీ? విడిగా పనులు ఒప్పుకో," అనేవాడు మేస్త్రి.

"నేను నేర్చుకోవాల్సింది ఇంకా చాలా ఉంది మేస్త్రీ," అనేది గురవి తలవంచుకుని.

విన్నవాళ్ళు ఎంత అణకువో అని మురిసిపోయేవారు. అణకువా పాడా! అసలు సంగతి వేరే ఉంది. గుండ్లకోనలో ఒక కట్టుబాటు ఉండేది. బొరియను ఎవరు ఒప్పుకుని తవ్వితే వాళ్ళు తొలివాన పడేటప్పుడు ఆ ఇంటివాళ్ళతో పాటు అందులోనే ఉండాలి. నీళ్ళొస్తే ముందు తడిసేది తవ్వినవాళ్ళే. చూడడానికి ఇరుగుపొరుగంతా వచ్చి చేరేవారు కూడా. ముఠాలో ఉన్నన్నాళ్ళూ ఆ బాధ మేస్త్రిది. విడిగా పనిచేస్తే అది తనది. తాను తవ్విన గదిలో, నలుగురూ చూస్తుండగా, తన నెత్తినే చుక్క పడితే? ఆ ఊహ రాగానే గురవి సిగ్గుతో ఉండచుట్టుకుపోయేది.

ఒక ఎండాకాలం చివర ఈదమ్మ అనే ముంగిస గురవి దగ్గరికి వచ్చింది. ఈదమ్మ నిండు చూలాలు. బండరాయి జారి ఆమె పాత బొరియ పూడిపోయింది. ఆకాశంలో అప్పుడే మబ్బులు కూడుతున్నాయి. మేస్త్రికి చేతినిండా పనులుండడంతో, గురవిని అడగమని అతనే పంపాడు.

"నువ్వే తవ్విపెట్టాలమ్మా. పిల్లలు పుట్టేలోగా నీడ కావాలి," అంది ఈదమ్మ.

గురవి, లోపలి గది తనకింకా చేతకాదని, వచ్చే ఏడాదికి బాగా నేర్చుకుని తప్పకుండా తవ్విపెడతానని చెప్పింది. వచ్చే ఏడాది! కడుపులో పిల్లలు వచ్చే ఏడాది దాకా ఆగుతారా? ఈదమ్మ వెళ్ళిపోయింది. గురవి మాత్రం ఎంత నిజాయితీగా మాట్లాడానో అని తనలో తానే మెచ్చుకుంది.

ఈదమ్మ చివరికి తిప్పడు అనే పందికొక్కును పిలిచింది. తిప్పడు నిన్నగాక మొన్న ముఠాలో చేరి, పని పూర్తిగా రాకముందే విడిగా వెళ్ళినవాడు. అతను ఉన్నమాట దాచలేదు. రాతినేలలో గది ఎప్పుడూ తవ్వలేదని, అయినా తవ్వుతానని, తొలివానకు లోపలే ఉంటానని, తప్పొస్తే దిద్దుతానని చెప్పి పనిలోకి దిగాడు.

ఆ సంగతి తెలియగానే గురవికి కన్నుకుట్టింది. ఎవరూ లేని సమయం చూసి వెళ్ళి బొరియలోకి తొంగిచూసింది. తప్పు ఇట్టే దొరికింది. గది దారికంటే ఎత్తులో ఉండాలి, అప్పుడే నీళ్ళు లోపలికి చేరవు. తిప్పడు గదిని పల్లంలో పెట్టాడు. గురవి నేరుగా వాగు దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు తాగడానికి వచ్చిన ఉడుముకీ కుందేలుకీ ఆ ముచ్చట కథలు కథలుగా చెప్పింది. వానొస్తే ముంగిసమ్మ ఇంట్లోనే చేపలు పట్టుకోవచ్చు అంది. వాళ్ళు పకపకా నవ్వారు. గురవి కూడా నవ్వింది.

తిరిగి వస్తుంటే తిప్పడు ఎదురయ్యాడు. ఒళ్ళంతా మట్టి.

"గురవక్కా, ఒక్కసారి వచ్చి చూసిపోరాదా? గది దగ్గర ఏదో తేడాగా ఉంది, నాకు అంతుచిక్కడం లేదు," అని అడిగాడు.

ఒక్క మాట. గది ఎత్తున పెట్టు అంటే సరిపోయేది. కానీ తిప్పడి పని నిలబడితే, ఇన్నేళ్ళు ఆగిన తానేమవుతుంది? గురవి తనకు వేరే పనుందని చెప్పి పక్కనుంచి తప్పుకుంది.

ఈదమ్మకు పిల్లలు పుట్టారు. వాళ్ళింకా కళ్ళు తెరవకముందే ఒక మధ్యాహ్నం ఉరుములు, మెరుపులతో వాన విరుచుకుపడింది. కట్టుబాటు ప్రకారం తిప్పడు లోపలే ఉన్నాడు. అడవిలో సగంమంది చూడడానికి వచ్చారు. గురవి అందరికంటే ముందే వచ్చి, బాగా కనిపించే చోట నిలబడింది.

నీళ్ళు వాగులా బొరియలోకి దిగాయి. లోపల తిప్పడు ఒక్కొక్క పిల్లనూ నోటకరిచి పైకి అందిస్తుంటే, ఈదమ్మ బయట అందుకుంది. చివరి పిల్లను అందించేటప్పుడు తడిసిన రాయి జారి అతని ముందుకాలి మీద పడింది. ఎలాగో కాలు లాక్కుని బయటికి వచ్చాడు. పిల్లలందరూ బతికారు. తిప్పడి గోళ్ళు మాత్రం విరిగిపోయాయి.

అతను గురవిని చూసి రొప్పుతూ అన్నాడు: "వాలు తప్పు చేశాను గురవక్కా. నువ్వు చూసుంటే అప్పుడే చెప్పేదానివి."

పక్కన ఉడుము, కుందేలు గుసగుసలాడుకోవడం అప్పుడే విన్న ఈదమ్మ, పిల్లలను పొట్టకు అదుముకుని గురవి వైపు తిరిగింది.

"ఆమె చూసింది. వాగు దగ్గర అందరికీ చెప్పింది కూడా. నీకూ నాకూ తప్ప."

ఉడుము నేలచూపులు చూసింది. కుందేలు వెనక్కు తగ్గింది. గురవికి తల కొట్టేసినట్టయింది. ఉన్నచోటనే ఉండచుట్టుకుపోయింది. ఎవరైనా వచ్చి పోనీలే అంటారేమో అని లోలోపల ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. అందరూ పిల్లలను రాతిచరియ కిందికి చేర్చే హడావుడిలో ఉన్నారు. చాలాసేపటికి ఆమె తల బయటికి పెట్టేసరికి అక్కడ ఎవరూ లేరు, తిప్పడు ఒక్కడే కుంటుకుంటూ బొరియలో బురద ఎత్తిపోస్తున్నాడు. సాయానికి వెళ్ళాలని ఉంది. ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? గురవి అటునుంచి అటే ఇంటికి పోయింది.

తిప్పడు ఆ గదిని పూడ్చి, మళ్ళీ ఎత్తున తవ్వాడు. ఆ తరవాత ఎన్ని వానలు పడినా అందులో తేమ చేరలేదు. దెబ్బ తిని నేర్చుకున్నవాడని అడవంతా అతన్నే పిలవడం మొదలుపెట్టింది. గురవి తిరిగి ముఠాలో మట్టి మోసింది. జరిగింది మేస్త్రి చెవిన పడే ఉంటుంది, అయినా ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని గురవి అనుకుంది.

మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి ఆమె ముఠాకు నమస్కారం పెట్టి బయటపడింది. పని అంతా వచ్చేసిందని కాదు. అక్కడ తలెత్తుకుని నిలబడలేకపోయింది. గడపగడపకూ వెళ్ళి పని అడిగింది. నేర్చుకోవడం పూర్తయిందా అని ఉడుము వెక్కిరించింది. ఎవరూ పని ఇవ్వలేదు. చివరికి, వెళ్ళకూడదనుకున్న గడపకే వెళ్ళింది. పిల్లలు పెద్దవాళ్ళవడంతో ఈదమ్మకు ఇంకో బొరియ అవసరమైంది, తిప్పడికి తీరిక లేదు.

"గది తవ్వడం నాకు రాదక్కా. చూడడమే తప్ప చేయలేదు. అయినా తవ్వుతాను, తొలివానకు లోపలే ఉంటాను," అంది గురవి.

"ఈ మాట చెప్పడానికి ఏడాది పట్టిందా?" అంది ఈదమ్మ. అయినా స్థలం చూపించింది.

పని సగంలో ఉండగా తిప్పడు అటుగా వచ్చాడు. ఎవరూ పిలవలేదు. కుంటుతూ లోపలికి దిగి, వంకర తిరిగిన గోళ్ళతో గోడంతా తడిమాడు.

"ఈ మూల రాయి వదులుగా ఉందక్కా. వానకు కూలుతుంది, ఇప్పుడే తీసెయ్యి," అని చెప్పి తన దారిన తను వెళ్ళిపోయాడు.

అంతే. అరవలేదు, ఎవరితోనూ చెప్పుకుని నవ్వలేదు. తప్పు కనిపించింది, ఆమెకు చెప్పాడు. ఏడాది కిందట తన నోట రావలసింది కూడా సరిగ్గా ఇంత మాటే. గురవి ఆ రాయిని తీస్తూ ఏడ్చింది.

తొలివాన పడింది. గురవి ఈదమ్మ పిల్లల మధ్య బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. బయట అందరూ చేరారు. గోడ నిలిచింది, దారిలోకి నీళ్ళు రాలేదు. కానీ పైనుంచి ఒక చుక్క టప్పున గురవి ముక్కు మీద పడింది. ఇంకొకటి పడింది. పిల్లలు కిచకిచమంటూ నవ్వి, బయటివాళ్ళకు కేకేసి చెప్పారు. బయటివాళ్ళూ నవ్వారు. గురవి చెవులదాకా సిగ్గుతో వేడెక్కింది. అయినా ఉండచుట్టుకోలేదు, లేచి తడిమట్టి ముద్ద చేసి ఆ చోట అదిమింది. చుక్క ఆగింది. నవ్వులూ ఆగాయి. ఒక పిల్ల ఆమెనానుకుని నిద్రపోయింది.

ఇంతేనా అనుకుంది గురవి. ఇన్నేళ్ళు భయపడింది ఇంత చిన్నదానికా?

ఆ సిగ్గు వాన వెలిసేలోపే పోయింది. ఆ తరవాత గురవి ఎన్నో బొరియలు తవ్వింది, మంచి పేరూ తెచ్చుకుంది. కానీ అడవిదారిలో తిప్పడు కుంటుతూ ఎదురైనప్పుడల్లా ఆమె తల దానంతటదే కిందికి వాలిపోయేది.

నీతి: పనిలోకి దిగి తప్పు చేసినవాడి సిగ్గు తప్పు దిద్దుకోగానే పోతుంది, దిగడానికి భయపడి, దిగినవాణ్ణి చూసి నవ్వినవాడి సిగ్గు ఎన్నటికీ పోదు.