బాట వైపు తిప్పిన చెప్పులు

అనగా అనగా, బావులకు మోటార్లు ఇంకా రాని రోజుల్లో, ఎర్రమన్ను నేలలో ఒక ఊరు. ఆ ఊళ్లో నీళ్లు లోతు, ఎండలు మెండు, మాటలు ఇంకా మెండు. ఆ ఊళ్లో తోలు పని చేసే నతానేలు అని ఒకడుండేవాడు.

నతానేలు చెప్పులు కుడితే మూడేళ్లు మన్నేవి. బాన కుడితే చుక్క కారేది కాదు. బాన అంటే ఈ కాలం పిల్లలకేం తెలుసు? బావిలోంచి నీళ్లు తోడే పెద్ద తోలు సంచి. దానికి కట్టిన మోకుని ఎద్దులు వాలుదారిలో లాక్కుంటూ పోతే, నిండు బాన పైకొచ్చి కాలవలో ఒలికేది. ఎద్దుల్ని తోలేవాడు ఆ మోకు మీదే కూర్చునేవాడు. అందుకే బాన తెగితే నీళ్లు పోవడం ఒక్కటే కాదు, ఎద్దులూ మనిషీ కలిసి పల్లంలో పడేవాళ్లు.

కాబట్టి బాన తోలు గట్టిపడాలని మూడు నానలు. తంగేడు చెక్క, అంటే బెరడు, వేసిన నీళ్లలో ఒక నాన, కొత్త చెక్కతో రెండో నాన, మళ్లీ కొత్త చెక్కతో మూడో నాన. నతానేలు తాత అలాగే చేశాడు, తండ్రి అలాగే చేశాడు. ఆ తంగేడు చెక్క కొట్టి తెచ్చేది సారమ్మవ్వ. నానకొక మోపు, మొత్తం మూడు మోపులు. ఊరి చివర తాటాకుల ప్రార్థన మందిరం ఊడ్చేది కూడా ఆవిడే.

ఒక ఎండాకాలం పెద్ద ఆసామి నతానేలు గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నతానేలూ, మిరపతోట మాడిపోతంది. బాన ఎప్పుడిస్తావు?"

"ఇంకా మూడో నాన ఉందయ్యా."

"నీ నానలు అయ్యేలోపు నా తోట పొయ్యిలోకి పనికొస్తది. రేపటికి కావాలి."

నతానేలు తోలు పైకి తీసి చూశాడు. రంగు బాగానే దిగింది. మడిస్తే మడత బాగానే పడింది. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు. మూడో మోపు విప్పకుండానే బాన కుట్టి ఇచ్చేశాడు.

బాన ఒకరోజు ఆగింది. రెండో రోజూ ఆగింది. మూడో రోజు పొద్దున నిండుగా గట్టు దాకా వచ్చి బర్రున చిరిగింది. బరువు ఒక్కసారి తెగేసరికి ఎద్దులు ముందుకు బోర్లా పడ్డాయి. ఒక ఎద్దు కాలు విరిగింది. మోకు మీద కూర్చుని ఎద్దుల్ని తోలుతున్న ఓబన్న ఎగిరి రాళ్లలో పడ్డాడు. ఊరంతా పోగైంది. ఆసామి చిరిగిన తోలు చేత్తో పట్టుకుని నతానేలుని పిలిపించాడు.

"నీ మాట మీద నాకు గురి ఉంది. చెప్పు. తప్పు తోలుదా, తోలినోడిదా?"

అందరూ నతానేలు వైపు చూశారు. నేల మీద భుజం పట్టుకుని కూర్చున్న ఓబన్న కూడా చూశాడు. ఉన్నమాట చెబుతాడులే అన్న ధీమాతో చూశాడు. నతానేలు లోలోపల లెక్క వేసుకున్నాడు. తోలుదంటే మూడూళ్ల పని పోతుంది, తాతల నాటి పేరు పోతుంది.

"తోలినోడిదేనయ్యా" అన్నాడు. "మరీ అదిలించి తోలాడు."

ఓబన్న భుజం పట్టుకునే లేచి ఇంటికి పోయాడు. ఆ సాయంత్రమే పెళ్లాం పిల్లల్ని వెంటబెట్టుకుని, మూడూళ్ల అవతల రాళ్లు కొట్టే గుట్టకి వలస పోయాడు. ఇంకెవరూ అతనికి ఎద్దుల్ని అప్పగించరు కదా మరి.

మొదటి ఆదివారం వచ్చింది. నతానేలు మందిరంలో మోకాళ్ల మీద పడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎంత భక్తి, ఎంత భక్తి అని జనం మెచ్చుకున్నారు. చూసేవాళ్లకి ఏడుపులన్నీ ఒకలాగే ఉంటాయి. బయటికొస్తుంటే సారమ్మవ్వ చీపురు పక్కన పెట్టి అడిగింది.

"ఏడ్చావా అయ్యా?"

"ఏడ్చానవ్వా."

"ఓబన్న ఇంటికొచ్చాడా?"

"రాలేదు."

"అయితే ఇంకా నాన కాలేదు. నేను తెచ్చిన మూడో మోపు నీ పెరట్లో కట్టు విప్పకుండా పడుంది. కళ్లున్నదాన్నే గదా."

నతానేలు ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "మరి నువ్వే చెప్పకపోయావా అవ్వా?"

"నేను చెబితే ఓబన్న బాగుపడతాడు, నువ్వు మిగలవు. నువ్వు చెబితే ఇద్దరూ మిగులుతారు. మూడు ఆదివారాలు చూస్తా. ఆ తర్వాత నేనే ఆసామి గుమ్మం ఎక్కుతా."

రెండో ఆదివారానికి నతానేలు ఓబన్న పిల్లలకి మెత్తటి చెప్పులు కుట్టి, ఎవరు పంపారో చెప్పొద్దని ఒక బండివాడి చేత పంపాడు. సారమ్మవ్వ మళ్లీ అడిగింది.

"పంపావా అయ్యా?"

"పంపానవ్వా."

"ఓబన్న ఇంటికొచ్చాడా?"

"రాలేదు."

"అయితే ఇంకా నాన కాలేదు."

ఆ వారమంతా నతానేలు మెతుకు ముట్టలేదు. పొట్ట వీపుకి అంటుకుంది. మూడో ఆదివారం, మూడు నెలలకోసారి వచ్చే పాస్టరు అయ్యగారు ప్రభువు బల్ల పెట్టి, ఆయన పేరున రొట్టె పంచడానికి వచ్చారు. నతానేలు గడప దగ్గర చెప్పులు విడుస్తుంటే సారమ్మవ్వ అక్కడే ఉంది.

"పస్తున్నావా అయ్యా?"

"ఉన్నానవ్వా."

"ఓబన్న ఇంటికొచ్చాడా?"

నతానేలుకి ఉక్రోషం వచ్చింది. "ఏడ్చాను, పెట్టాను, మాడాను. దేవుడు ఇంకా క్షమించడా?"

"ఆయన క్షమించడానికి ఎప్పుడో వచ్చి బాట మీద నిలబడ్డాడు. నువ్వే ఆయనకి వీపు పెట్టి ఏడుస్తన్నావు. మారుమనస్సంటే మరేం కాదయ్యా, ఇటు తిరగడం. తిరిగినోడు నడవాలి గదా."

నతానేలు లోపలికెళ్లి కూర్చున్నాడు. పాట అయింది, ప్రార్థన అయింది. అయ్యగారు రొట్టె విరిచి ఒక్కొక్కరికీ ఇస్తూ వచ్చారు. రొట్టె నతానేలు ముందుకొచ్చింది. అతని చెయ్యి లేవలేదు. ఆ చేత్తోనే కదా పచ్చి తోలు కుట్టాడు. నతానేలు లేచాడు. జనం మధ్యలోంచి గడప దాటి బయటికొచ్చాడు.

గడప ముందు అతని చెప్పులు ఉన్నాయి. అందరి చెప్పుల్లాగే మందిరం వైపు తిరిగి ఉన్నాయి. వంగి, వాటిని బాట వైపు తిప్పుకుని, తొడుక్కోవాలి. అంతసేపు ఆగితే మనసు మళ్లీ వెనక్కి తిరుగుతుందేమోనని భయపడ్డాడు. మూడూళ్లకి చెప్పులు కుట్టినవాడు మిట్టమధ్యాహ్నం ఎండలో వట్టి కాళ్లతో పరుగు తీశాడు.

ఆసామి అరుగు మీద పదిమందితో కూర్చుని ఉన్నాడు.

"అయ్యా, తప్పు తోలుదే. తోలినోడిది కాదు. మూడో నాన నేనే ఎగ్గొట్టాను. ఓబన్న మీద అబద్ధం చెప్పాను."

ఆసామి మొహం కందగడ్డైంది. "ఆ రోజే ఎందుకు చెప్పలేదురా?"

"భయమేసిందయ్యా."

"ఇవాళ భయం లేదా?"

"ఉందయ్యా. భయపడతానే వచ్చా."

ఆసామి అరుగు మీది పదిమంది వైపూ ఒకసారి చూశాడు. తొందరపెట్టింది తనేనన్న సంగతి ఆయనకీ గుర్తొచ్చి ఉంటుంది. చివరికి, "ఇక నా బావికి నీ తోలు అక్కర్లేదు" అన్నాడు. "ఓబన్న పని ఓబన్నకుంది. వాణ్ణి ఊరు దాటించింది నీ మాటే గదా, నువ్వే పోయి తీసుకురా."

నతానేలు ఒక ఊరు దాటాడు. రెండో ఊరు దాటాడు. మూడో ఊరు దాటేసరికి అరికాళ్లు బొబ్బలెక్కి చిట్లాయి. గుట్ట దగ్గర ఓబన్న రాళ్లు కొడుతున్నాడు.

"ఓబన్నా, తప్పు తోలుదే. ఆసామి ముందు చెప్పేశా."

ఓబన్న సుత్తి ఆపలేదు. "ఒక్కడికే చెప్పావా, అందరి ముందూ చెప్పావా?"

"పదిమందిలో చెప్పా."

ఓబన్న ఇంకో మూడు దెబ్బలు వేశాడు. గట్టిగానే వేశాడు. ఇన్నాళ్ల మంట ఒక్క మాటతో ఎలా ఆరుతుంది? నతానేలు ఎండలో అలాగే నిలబడ్డాడు. అప్పుడు ఓబన్న చూపు ఆ కాళ్ల మీద పడింది.

"చెప్పులు కుట్టేవాడివి, నీ చెప్పులేవిరా?"

"మందిరం దగ్గరున్నాయి. అటు తిరిగున్నాయి. తిప్పుకునే తీరిక లేకపోయింది."

ఓబన్నకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపొచ్చింది. సుత్తి కింద పడేసి, తలగుడ్డ చించి ఆ కాళ్లకి కట్టాడు. తన పాత చెప్పులు తీసి అతని ముందు పెట్టాడు. అవి నతానేలు కుట్టినవే.

మర్నాడు మాపటికి ఇద్దరూ పిల్లాపాపలతో ఊళ్లోకొచ్చారు. మందిరం గడప దగ్గర సారమ్మవ్వ ఎదురొచ్చింది.

"ఓబన్న ఇంటికొచ్చాడా అయ్యా?"

"వచ్చాడవ్వా."

"అయితే నాన అయింది" అంది సారమ్మవ్వ. ఆవిడ వెనకే అయ్యగారు నిలబడి ఉన్నారు. ముందురోజే పొరుగూరు పోవాల్సిన ఆయన పోకుండా ఆగారు. నతానేలు వంతు రొట్టె బల్ల మీద అలాగే ఉంచారు. నతానేలు లోపలికెళ్లి చెయ్యి చాపి తీసుకున్నాడు.

మూడు ఎండాకాలాలు ఎవరూ అతనికి బాన పని ఇవ్వలేదు. నతానేలు చెప్పులు కుట్టుకుని బతికాడు. గంజే తాగాడు గానీ కంటినిండా నిద్రపోయాడు. నాలుగో ఎండాకాలం ఆసామే అతని గుమ్మం ముందుకొచ్చాడు. "మూడు నానలూ వెయ్యి. నాకు తొందర లేదు" అన్నాడు. ఆ బాన మోకు మీద కూర్చుంది ఓబన్నే.

తర్వాత నతానేలు పోయాడు, ఓబన్న పోయాడు, బానలూ పోయాయి. తాటాకుల మందిరం పెంకుల మందిరమైంది, పెంకులు పోయి డాబా అయింది. అయినా ఇప్పటికీ అక్కడికి వెళ్లి చూడండి. గడప ముందు చెప్పులన్నీ బాట వైపు తిరిగి ఉంటాయి. చిన్నపిల్లలు మరిచిపోతే తల్లులు గదమాయిస్తారు. "తిప్పి పెట్టు. నతానేలు తాతకి తీరిక లేకపోయింది" అంటారు.

ఒక్కోసారి రొట్టె చేతికందే వేళకి ఎవరో ఒకరు లేచి గబగబా బయటికి పోతారు. ఎందుకని ఎవరూ అడగరు, తలతిప్పి చూడరు. వాళ్ల వంతు రొట్టె బల్ల మీద ఉంచుతారు. వాళ్లు తిరిగొచ్చేదాకా మందిరం తలుపు వేయరు.