వాగు దాటి వచ్చిన ముళ్లపంది అవ్వ

అనగనగా ఒక అడవి. ఎంత దట్టమైన అడవంటే, వాన వెలిసిన చాలాసేపటికి గానీ ఆకుల మీది నీళ్లు నేలకు చేరేవి కావు. ఆ అడవి నడుమ ఒక వాగు. వాగుకు ఇవతల ఒక రాజు ఏలుబడి, అవతల ఇంకో రాజు ఏలుబడి. ఆ ఇద్దరు రాజులూ ఆ అడవి ముఖం ఒక్కసారీ చూసినవాళ్లు కారు.

ఇవతలి ఒడ్డున జంతువుల గూడెం ఒకటి ఉండేది. పది పదిహేను కుటుంబాలు, అంతే. సరైన దారి లేదు, వైద్యుడు లేడు. వానాకాలం వాగు పొంగితే ఎవరూ వచ్చేవారు కాదు, ఎవరూ వెళ్లేవారు కాదు. అయినా గూడెం వాళ్లు దిగులుగా బతకలేదు. దుంప దొరికితే నలుగురూ పంచుకునేవారు. కాస్త ఎండ కాస్తే అందరూ ఒకే బండ మీదికి చేరి ఒళ్లు ఆరబెట్టుకునేవారు.

ఆ గూడెంలో గురివి అనే ఎలుగుబంటి ఉండేది. ఆమెకు ఒక్కతే కూతురు. పేరు బుడమ. ఎలుగుబంట్లు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతాయి కదా! బుడమ అయితే అమ్మ వీపు దిగేదే కాదు. "అమ్మా, అదిగో చీమల పుట్ట! అమ్మా, అదిగో తేనెపట్టు!" అంటూ పొద్దస్తమానం అక్కడి నుంచే చూపిస్తూ ఉండేది.

ఒక శ్రావణ మాసంలో బుడమకు చలిజ్వరం వచ్చింది. మొదటి రోజు గజగజ వణికింది. రెండో రోజు తిండి మానేసింది. మూడో రోజు అమ్మ పిలిస్తే పలకలేదు.

గురివి గూడెం పెద్ద అయిన అడవిదున్న దగ్గరికి పరుగెత్తింది.

"మామా, నా పిల్ల కళ్లు తెరవడం లేదు. ఏం చెయ్యను?"

దున్న తల వంచుకుంది. "రాజుగారి ఊళ్లో వైద్యుడున్నాడు. కానీ అది మూడు రోజుల నడక. కొండచరియ విరిగిపడి ఆ కాలిబాట కూడా పోయింది. అవతలి ఒడ్డున ఈరమ్మ అని ముళ్లపంది అవ్వ ఉంది. వేళ్ల మందు ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. కానీ అది వేరే రాజ్యం కదమ్మా! మన కోసం వస్తుందో, రాదో."

జ్వరంతో ఉన్న పిల్లను వరదలోకి దించితే బతకదు. అందుకని గురివి బుడమను పొరుగున ఉండే కొండముచ్చు ఒడిలో పడుకోబెట్టి, ఒంటరిగా వాగుకు వెళ్లింది. నీళ్లు ఎర్రగా సుళ్లు తిరుగుతున్నాయి. ఆమె దూకేసింది. ప్రవాహంలో చాలా దూరం కొట్టుకుపోయింది. చివరికి ఎలాగో అవతలి ఒడ్డు పట్టుకుంది.

ఈరమ్మ అవ్వ తన బొరియ ముందు కూర్చుని వేళ్లు ఏరుకుంటోంది. గురివి చెప్పిందంతా వింది. పక్కనే ఉన్న అడవిపంది కల్పించుకుంది.

"అవ్వా, వెళ్లకు. ఈ వరద ఇప్పట్లో తగ్గదు. వెళ్తే మళ్లీ ఎప్పటికి వస్తావో! వాళ్ల పిల్లను వాళ్ల రాజు చూసుకుంటాడులే."

అవ్వ ఏరిన వేళ్లను కట్టగా కట్టింది. "వాళ్ల రాజు ఎక్కడున్నాడో నాకు తెలియదు నాయనా. పిల్ల మాత్రం ఇక్కడే, కూతవేటు దూరంలో ఉంది," అంటూ లేచింది.

"నీకెందుకు శ్రమ? వేరు ఇవ్వు అవ్వా, నేనే పట్టుకుపోతాను," అంది గురివి.

"ఒళ్లు చూడకుండా ఇస్తే మందే విషమవుతుంది. నేనే రావాలి. కానీ నాకు ఈత రాదు తల్లీ."

"నా వీపెక్కు."

"నా ఒంటి నిండా ముళ్లే కదా!"

"మా బుడమ కూర్చునే వీపు అవ్వా ఇది. మూడు రోజులుగా ఖాళీగా ఉంది. ఎక్కు."

అవ్వ ముళ్లన్నీ అణుచుకుని, వేళ్ల కట్ట నోట కరుచుకుని ఎక్కింది. సగం వాగు దాటేసరికి కొట్టుకొచ్చిన మాను ఒకటి వాళ్లను ఢీకొట్టింది. అవ్వ భయంతో ఉలిక్కిపడింది. భయపడితే ముళ్లపంది ముళ్లు వాటంతటవే లేస్తాయి. అవి గురివి వీపులో కసుక్కున దిగాయి. గురివి మూలిగింది గానీ ఈత ఆపలేదు. "ఒడ్డు కనబడుతోంది అవ్వా, గట్టిగా పట్టుకో," అంది.

గూడెం చేరగానే అవ్వ బుడమ చెవులు తాకి చూసింది. పాదాలు తాకి చూసింది. వేరును బండ మీద నూరి రసం పోసింది. మొదటిసారి పిల్ల ఉమ్మేసింది. రెండోసారి కాస్త మింగింది. మూడోసారి పూర్తిగా తాగింది. సాయంత్రానికి ఒంటికి చెమట పట్టింది. తెల్లారేసరికి, "అమ్మా, ఆకలి," అంది.

గురివి అవ్వ కాళ్ల దగ్గర తల ఆనించి ఏడ్చింది.

"ఏడుపు తర్వాత. ముందు నీ వీపు ఇటు తిప్పు," అంది అవ్వ. గుచ్చుకున్న ముళ్లను ఒక్కొక్కటిగా పీకింది. పదకొండు వచ్చాయి.

అడవిపంది అన్నట్టే అయింది. నెల రోజులు వాగు తగ్గలేదు. అవి తిండి దొరకని రోజులు. అయినా ఉడుత దాచుకున్న గింజలు తెచ్చింది. కొండముచ్చు లేత చిగుళ్లు తెచ్చింది. గురివి బురదలో తవ్వి దుంపలు తెచ్చింది. అవ్వకు ఈదురుగాలి తగలకుండా దున్న రోజూ ఆమె ఉంటున్న గుడిసె వాకిట్లో అడ్డంగా పడుకుంది.

ఒకరోజు అందరూ తింటుండగా అవ్వ అంది: "మీరు నాకు దండాలు పెడుతుంటే సిగ్గేస్తోంది. ఎన్నో ఏళ్లుగా ఒక్కదాన్నే వండుకుని ఒక్కదాన్నే తింటున్నాను. ఇంతమంది నడుమ కూర్చుని తిన్నది ఇక్కడే. దండం పెట్టాల్సింది నేను."

ఆ నెలలో ఆమె గురివికి ఆ చేదు వేరు ఎక్కడ మొలుస్తుందో చూపించింది. జ్వరం ఎలా చూడాలో, మందు ఎంత పొయ్యాలో నేర్పింది.

వాగు తగ్గింది. గూడెమంతా అవ్వను సాగనంపడానికి కదిలింది. గురివి నిండు తేనెపట్టు తెచ్చి ముందు పెట్టింది. "ఇది చాలదని తెలుసు అవ్వా. నీ మేలుకు నేనేం చెయ్యగలను?"

అవ్వ వేలితో కాస్త తేనె తీసి నాకింది. మిగతాది బుడమ చేతిలో పెట్టింది.

"నాకు ఈ వేరు చూపించింది దారిన పోయే ఒక ముసలి నక్క. నా జ్వరం తగ్గేలోగా వెళ్లిపోయింది. ఆమెకు దండం పెట్టే భాగ్యం నాకు దక్కలేదు. అందుకే ఎవరు పిలిచినా వెళ్తుంటాను. నువ్వూ అంతే చెయ్యి తల్లీ."

చలికాలం వచ్చింది. ఒకనాడు గురివి చెట్టెక్కి తేనెపట్టుకు చెయ్యి చాపింది. ఇంతలో ఎవరో కొత్త లేడి రొప్పుతూ చెట్టు కిందికి వచ్చింది.

"అక్కా, నా బిడ్డకు జ్వరం. నీకు మందు తెలుసట. మాది చాలా దూరం..."

గురివి తేనె వదిలేసి సరసరా దిగింది. "ఎన్ని రోజులైంది?" అని అడిగి, చెట్టు మొదట్లో పెట్టిన వేళ్ల కట్ట అందుకుంది.

లేడి ఆశ్చర్యపోయింది. "నేనెవరో, ఏ రాజ్యమో అడగవేం అక్కా?"

"దారిలో చెబుదువు గానీ, పద," అంది గురివి.

ఆ లేడిపిల్ల బతికిందా అంటారా? బతికింది పిల్లలూ. ఇప్పుడు ఆ దూరపు కొండ మీద కూడా ఆ వేరు తెలిసిన తల్లి ఒకతి ఉంది.

నీతి: పొందిన మేలుకు నిజమైన కృతజ్ఞత, ఆపదలో ఉన్న మరొకరికి ఆ మేలును అందించడమే.