పులి తినని మేక

"మీతో ఆడేవాళ్ళు మీమీద ప్రేమతో కావాలనే ఓడిపోతే మీకు సంతోషమా, కోపమా? తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి" అంది అవ్వ, నానిన అనపగింజల పొట్టు పితుకుతూ.

మనవడు సంతోషమన్నాడు. మనవరాలు కోపమంది. కాసేపటికి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని జవాబులు మార్చేసుకున్నారు. ఎందుకు మార్చుకున్నారో అడిగితే ఇద్దరికీ తెలియలేదు.

"తెలియకపోవడం తప్పేమీ కాదు. కేదారికీ తెలియలేదు" అని అవ్వ కథ ఎత్తుకుంది.

నల్లమల అంచున, ఒక వాగు ఒడ్డున శరభయ్య గారి మఠం ఉండేది. ఆయనకొక అలవాటు. శిష్యులెవరైనా ప్రశ్న అడిగితే చేతిలో పని ఆపకుండానే "మళ్ళీ ఒకసారి అడుగు" అనేవారు. రెండోసారి అడిగేసరికి చాలా ప్రశ్నల ఆకారం మారిపోయేది. కొన్నయితే సిగ్గుపడి వచ్చినదారినే వెళ్ళిపోయేవి. ఒకరోజు కేదారి అనే శిష్యుడు అడిగినది మాత్రం రెండోసారి కూడా చెక్కుచెదరలేదు.

"అయ్యవారూ, నేను ఓబన్నకు మేలే చేశాను. మరి వాడెందుకు మఠం వదిలి పోతానంటున్నాడు?"

జరిగిన సంగతి ఇది. కేదారి మఠానికి కొత్తగా వచ్చినప్పుడు ఇంటిమీద బెంగతో అన్నం ముట్టేవాడు కాదు. అతన్ని ముందుగా పలకరించినవాడు ఓబన్న. మేకలు కాచుకునే వాళ్ళింటి పిల్లవాడు. ఓదార్చడం వాడికి చేతకాదు. బొగ్గుముక్క తెచ్చి బండమీద గీతలు గీసి, "ఊరికే ఏడ్చేదానికంటే పులిజూదం ఆడతా ఏడువు. చేతులకన్నా పనుంటుంది" అన్నాడు.

ఆ ఆట ఎరగనివాళ్ళ కోసం ఒక మాట చెప్పుకోవాలి. ఒకరివి మూడు పులులు, ఇంకొకరివి పదిహేను మేకలు. పులులంటే గులకరాళ్ళు, మేకలంటే చింతగింజలు. గీతలు కలిసేచోట వాటిని పెట్టాలి. మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దానిమీదుగా దూకి తినేస్తుంది. మేకలు ఒకదానికొకటి అండగా నిలబడి పులులను మెసలనీయకుండా చేస్తే గెలుపు మేకలది. చూశారా, చెప్పడానికి ఇంతే. ఆడితే మాత్రం పొద్దు తెలియదు. కేదారి ఆ సాయంత్రమే ఆకలేస్తోందన్నాడు.

ఆనాటినుంచి చదువు కాగానే ఇద్దరూ బండ దగ్గరే. పులిని మూలకు నెట్టినప్పుడల్లా "మా ఇంటి మేకలకు ఈ తెలివుంటే మా నాయనకు కుక్కతో పనుండేది కాదు" అనేవాడు ఓబన్న. ఓడినవాడు మర్నాడు పొద్దున వాగునుంచి నీళ్ళు మోయాలని ఇద్దరూ కట్టుబాటు చేసుకున్నారు. చాలాకాలం కేదారే మోశాడు. తరవాత అతని పులులకూ కళ్ళు తెరుచుకున్నాయి, ఓబన్న భుజం కూడా కాయ కాసింది. ఒకరి ఎత్తు ఒకరికి తెలిసిపోవడం, ఇంకో ఎత్తు వెతుక్కోవడం, వెతికినది పారితే అన్నం తినేటప్పుడు కూడా దాన్నే చెప్పుకోవడం. రాత్రి ఓబన్న పాఠం ఒప్పజెబితే, సరిగ్గా వచ్చిందో లేదో కేదారే చెప్పేవాడు. అలా ఉండేది వాళ్ళ స్నేహం.

ఇలా ఉండగా ఓబన్న కాలికి తుమ్మముల్లు దిగి పుండైంది. ఆ సాయంత్రం ఆటలో వాడు ఒక మేకను అండ లేకుండా వదిలేశాడు. దూకితే ఆట తేలిపోతుంది. 'రేపు ఈ కాలితో వీడు వాగు గట్టెక్కాలి కదా' అనుకున్నాడు కేదారి. దూకవలసిన పులిని మెల్లగా పక్కకు జరిపాడు. మరికాసేపటికి మూడు పులులూ చిక్కుకుపోయాయి.

గెలిచిన ఓబన్న నవ్వలేదు. గీతలకేసి చాలాసేపు చూసి, ఆ మేకమీద వేలు పెట్టాడు.

"ఇది నీకు కనపడలేదా?"

"లేదురా."

అబద్ధమాడితే కేదారి చెవులు ఎర్రబడతాయి. ఓబన్న ఆ చెవులవంక చూశాడు. చింతగింజలు పంచె కొంగులోకి ఊడ్చుకుని, "పాఠంలో కూడా ఇంతేనా?" అని లేచిపోయాడు. మర్నాడు అందరికంటే ముందు లేచి, కుంటుకుంటూ వెళ్ళి నీళ్ళు తనే మోశాడు. ఆ తరవాత కేదారితో మాట లేదు. ఇప్పుడేమో మూట కడుతున్నాడు. సాయంత్రం వాళ్ళ నాయన మంద వాగు దాటుతుంది, దానితో కలిసి పోతాడట. ఇక చదువు వద్దంటాడు.

"ఆటకూ పాఠానికీ ఏం సంబంధం అయ్యవారూ? వాడన్నది నాకు బొత్తిగా అర్థం కావడంలేదు" అన్నాడు కేదారి.

శరభయ్య గారు మోదుగాకులతో విస్తరి కుడుతున్నారు. చేతిలోని ఈనె పక్కన పెట్టి, "ఆ ఆటేదో నాకూ నేర్పు. నేను పులులు తీసుకుంటాను" అన్నారు.

కేదారి తెల్లబోయినా, మేకలకు బదులు ఈనెముక్కలు పెట్టి నేర్పాడు. అయ్యవారు ఇట్టే పట్టుకున్నారు. చూస్తుండగానే రెండు మేకలు తినేశారు. కేదారి సర్దుకుని కూర్చున్నాడు. అంతలో అతని చేయి తొందరపడి ఒక మేకను మూలన ఒంటరిగా వదిలేసింది. అయిపోయిందనుకున్నాడు. అయ్యవారు గడ్డం గోక్కుంటూ ఇంకో పులిని ఎటో నడిపారు. మరో రెండు ఎత్తులకు ఆ పులి తనంతట తానే ఇరుకులో దూరింది. చివరికి మూడూ చిక్కాయి.

"నువ్వే గెలిచావు. బాగా ఆడావు" అని ఆయన విస్తరి అందుకున్నారు.

కేదారి కదల్లేదు. "మూలనున్న ఈ మేక మీకు కనపడలేదా అయ్యవారూ?"

"ముసలి కళ్ళు నాయనా."

మరి ముందు తిన్న రెండు మేకలను ఏ కళ్ళతో చూశారు? లేక కొత్త ఆట కాబట్టి నిజంగానే పొరబడ్డారా? ఆయన మొహంలో వెతికితే అక్కడ విస్తరిమీది ధ్యాస తప్ప ఏమీ లేదు. తేనెతుట్టెను కదిపినట్టు ఒక సందేహం ఇంకొకదాన్ని లేపింది. మొన్న శ్లోకానికి అర్థం చెప్పినప్పుడు అయ్యవారు అందరిముందూ భేషన్నారు. ఆ మాటను తలుచుకుంటూ నిద్రపోయాడు కేదారి. అంతకుముందు, స్వరం నిలబడిందన్నారు. అవి కూడా...

"మరి పాఠంలో కూడా ఇంతే..." అనబోయి ఆగిపోయాడు. ఆ మాట తనది కాదు, ఓబన్నది.

శరభయ్య గారు తలెత్తకుండానే, "మంద వచ్చే వేళయింది" అన్నారు.

కేదారి మూడు గులకరాళ్ళూ పట్టుకుని పరిగెత్తాడు. ఓబన్న మూట భుజాన వేసుకుని వాగొడ్డున నిలబడి ఉన్నాడు.

"నాకు కనపడిందిరా. కావాలనే తినలేదు. ఆ ఒక్కసారే."

"ఒక్కసారే అని నాకెట్లా తెలియాల?"

కేదారి అక్కడే ఒక బండమీద గీతలు గీసి, "మేకలు పెట్టు" అన్నాడు.

ఓబన్న మూట విప్పలేదు. దానిమీదే కూర్చుని, కొంగులోని చింతగింజలు తీశాడు. కేదారి పులులు మొదటి మేకను తిన్నాయి. రెండోదాన్నీ తిన్నాయి. ప్రతిసారీ ఓబన్న అతని చెవులు చూసుకున్నాడు. అవి మామూలుగానే ఉన్నాయి. ఆట ముగిసేసరికి బండమీద మేకలు పలచబడ్డాయి.

"కాలు కుంటివాని మేకల్ని కూడా వదలవేంరా, పాపిష్టోడా" అన్నాడు ఓబన్న. అని, మళ్ళీ గింజలు పేర్చాడు.

మంద గంటలు వినిపించాయి. అవతలి గట్టునుంచి వాళ్ళ నాయన పిలిచాడు. "నువ్వు నడుస్తుండు నాయనా, ఈ ఆట తేలనీ" అని కేకేశాడు ఓబన్న, కళ్ళు గీతలమీదనుంచి తీయకుండా. గంటలు కొంతసేపు ఆగాయి. తరవాత కొండవైపు వెళ్ళిపోయాయి.

కేదారి తిరిగొచ్చేసరికి విస్తళ్ళు దొంతరగా లేచాయి.

"ఎవరు గెలిచారు?" అడిగారు శరభయ్య గారు.

"నేనే అయ్యవారూ. ఆడినవన్నీ నేనే గెలిచాను."

"మరి రేపు నీళ్ళు?"

"వాడే మోస్తాడట. సాయం పడతానంటే, బిందెను కర్రకు కట్టి రెండో కొస నన్ను పట్టుకోమన్నాడు."

"అయితే ఉంటాడు."

కేదారి వెళ్ళబోయి గుమ్మంలో నిలబడ్డాడు. ఒకటి తేలింది, ఒకటి తేలలేదు. "మరి మన ఆటలో నేను గెలిచినట్టా, కానట్టా అయ్యవారూ?"

శరభయ్య గారు ఈనె విరిచి ఆకులో గుచ్చారు.

"రేపు పులులు నువ్వు తీసుకో" అన్నారు.

అవ్వ ఆగింది. మనవరాలు ఊరుకోలేదు. "ఇంతకీ ఆ అయ్యవారికి మేక కనపడిందా, లేదా?"

అవ్వ గిన్నెలోకి చూసింది. సగం గింజలు పొట్టుతోనే ఉన్నాయి.

"ఇవి పితకందే పులుసు లేదు" అంటూ గిన్నె చంకనెత్తుకుని వంటింట్లోకి వెళ్ళింది.