కడవ మల్లన్న భుజం

భక్తులారా, మోసుకొచ్చిన కడవలు దించి, ఆయాసం తీరాక స్వామిని నిదానంగా చూడండి. మన గువ్వలకోన మల్లన్న చేతిలో త్రిశూలం లేదు, డమరుకం లేదు. కుడి భుజాన మాత్రం నీళ్ల కడవ ఉంది. అది అక్కడికి ఎలా ఎక్కిందో చెబుతాను, వినండి.

పూర్వం ఇక్కడ ఈరమ్మ అనే గొల్ల ఇల్లాలు గొర్రెలు కాచుకునేది. ఒకనాడు పొదలో ఇరుక్కున్న గొర్రెను లాగబోతే, దాని వెనుక స్వామి శిల బయటపడింది. అప్పుడది బోసి శిల. మహిమ ఊరూరా పాకి, జనం బండ్లు కట్టుకుని వచ్చారు. ఊరివారు మురిసిపోయి బొరుగులు అమ్మారు, అరుగులు అలికి పడకలిచ్చారు. అయితే కోనకంతటికీ ఉన్నది ఒక్కటే చెలమ. వచ్చినవారు అందులోనే స్నానాలు చేసి, ఎద్దులను కడిగి, పుణ్యం మూటగట్టుకుని వెళ్లేవారు. ఎండాకాలానికి బురద మిగిలింది. బొరుగులమ్మేవారు సర్దుకుపొమ్మన్నారు, తక్కినవారు ఊరొదిలి పోదామన్నారు. తప్పంతా ఈరమ్మ గొర్రెదేనన్న మాట మీద మాత్రం అందరూ కలిశారు.

ఈరమ్మ శిల ముందు కూర్చుని, మహిమ కొంచెం తగ్గించుకోమని స్వామికి మొరపెట్టుకుంది. ఆ మధ్యాహ్నం కునుకులో స్వామి కనబడ్డాడు. "పిలిచినవారికి పలకకుండా ఉండలేను తల్లీ. వచ్చేవారిని కింద వాగు నుంచి కడవెడు నీళ్లు తెచ్చి ఊరి తొట్టిలో పోయమను. ఆ తరువాతే దర్శనం. ఎవరినీ విడిచిపెట్టకు" అన్నాడు.

నాటి నుంచి ఆమె ఊరి మొగదల కర్ర పట్టుకుని కూర్చుంది. కొన్నాళ్లకు, వేటకు వెళ్లిన స్వామి జడలు విరబోసుకుని తిరిగొచ్చాడు. కర్ర అడ్డం పడింది.

"కడవేదిబ్బా?"

"నేను మల్లన్ననమ్మా. ఆ గుడి నాదే."

"అయితే మరీ మంచిది. అభిషేకాలని రోజూ అందరికన్నా ఎక్కువ నీళ్లు వాడేది నువ్వే కదా."

తానిచ్చిన ఆజ్ఞను తానే దాటలేక స్వామి వాగుకు దిగాడు. నీళ్లు తెచ్చి తొట్టిలో పోశాడు. ఎప్పుడు బయటికెళ్లి వచ్చినా ఈమె ఊరుకోదని తెలిసి, మరో కడవ నింపుకుని భుజాన పెట్టుకుని, అలాగే శిలలో కలిసిపోయాడు.

నేటికీ ఈరమ్మ ఇంటి కోడళ్లు ఆ మొగదల కూర్చుంటారు. కార్లలో వచ్చినవారికీ కడవ తప్పదు. నీళ్ల సీసా చూపిస్తే నవ్వి వాగు దారి చూపిస్తారు. మోసినవారి ఇంట నీటికి కరువుండదని మా పెద్దల నమ్మకం. చెలమ తేటగా ఉంది, తొట్టి నిండింది.

భుజం నొప్పిగా ఉందా? స్వామిని చూడండి. ఆయన ఇంకా దించనే లేదు.